ఒక జూలూ పాట – పెక్కు కంఠములు

దక్షిణాఫ్రికాలోని నేటాలు సీమ తెలుగువారికి కొత్తది కాదు. 1860లో మద్రాసునుండి పోయిన తొలి ఓడతో ఆరంభమైన కూలివలసలలో తెలుగువారును పెక్కుమంది కలరు. వారి సంతతివారు 1931లో అచ్చట ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. ఆ నేటాలులోనే, తీరపు చెరకుతోటలకు దూరముగా, పశువులే ధనముగా బ్రతుకు మ్సింగ ప్రాంతమున 1909లో సోలమన్ లిండా అను జూలూ గాయకుడు జన్మించెను. అతడు కూర్చిన ఒక్క పాట ఎనుబది సంవత్సరములకు పైగా భూమండలమంతట మ్రోగుచున్నది. విన్నవారు కోట్లమంది. కూర్చినవాని పేరెరిగినవారు మాత్రము చాలకాలమువరకు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే.

ఒకరు పాడి రికార్డు చేసిన పాటను వేరొకరు తమ రీతిని తిరిగి పాడి రికార్డు చేయుటను పాశ్చాత్యులు ‘కవర్’ అందురు. మనకు దీనికి స్థిరపడిన పేరు లేదు. ‘మారుపాట’ యనిన చాలును. మారుపాటలవలననే పాటకు దీర్ఘాయువు కలుగునని సామాన్యాభిప్రాయము. అది నిజమే. ఐనను, అట్లు దీర్ఘకాలము బ్రతికినది మొదటి పాటయేనా, లేక ఆ పేరుతో తిరుగు మరియొకటియా యను ప్రశ్నను లిండా పాట తీవ్రముగా ముందుకు తెచ్చుచున్నది.

పాట పేరు ‘ఎంబూబె’. జూలూ భాషలో సింహమని యర్థము. బాల్యమున లిండా ఆవులమందలను కాచినవాడు. దూడలకై పొంచివచ్చు సింహములను తోలిన పిల్లల జ్ఞాపకమే ఆ పాటకు మూలము. మిషను పాఠశాలలో విన్న క్రైస్తవ బృందగానమును, పెండ్లిండ్లలో పాడు స్వజాతి గానమును అతనిలో కలిసిపోయినవి. పనికై జోహానెస్‌బర్గు చేరిన పిదప ‘ఈవెనింగ్ బర్డ్స్’ అను మేళమును నడపెను. గనులలోను కర్మాగారములలోను కూలిచేయు వలసజనుల వసతిగృహములలో శనివారపు రాత్రులందు జరుగు పాటల పోటీలలో ఆ మేళమునకు గొప్ప పేరు. మందరస్థాయిలో పలువురు ఒక్కటిగా గుంభనముగా పలుకుచుండగా, వారి పైనుండి లిండా ఒక్కడు అతితారమున స్త్రీకంఠమునకు సాటివచ్చు గొంతుతో తేలిపోవుట ఆ మేళపు ప్రత్యేకత. ఇట్టి పొందిక అంతకుముందు ఆ గానరీతిలో లేదనియే చెప్పుదురు.

1939లో గాలో రికార్డు కంపెనీవారి గదిలో, గ్రిఫిత్ మోట్సియెలోవా పర్యవేక్షణమున, ఈ పాటను వారు మూడుమారులు పాడిరి. మూడవమారు, పాట ముగియవచ్చు సమయమున, లిండా గొంతునుండి అంతవరకు లేని ఒక చిన్న స్వరపంక్తి అప్రయత్నముగా వెలువడెను. మన గాయకులు దీనిని మనోధర్మమందురు. ఆ పంక్తి కొన్ని క్షణములే. కాని పాట యొక్క తరువాతి చరిత్రయంతయు దానిమీదనే నిలిచినది. రికార్డు దక్షిణాఫ్రికాలో ఇంచుమించు లక్ష ప్రతులు అమ్ముడుపోయెను. పాటపై హక్కులకు లిండాకు ముట్టినది పది షిల్లింగులు. తరువాత అతడు ఆ కంపెనీలోనే రికార్డులను సర్దు పనివాడుగా కుదిరెను. తన పాటను తానే కట్టలు కట్టి పంపియుండును.

దేశముదాటి ఆ రికార్డు అమెరికాలో అలన్ లోమాక్స్ చేతికి, అతనినుండి పీట్ సీగర్ చేతికి వచ్చినది. సీగర్ జానపదగానమును ప్రాణప్రదముగా నెంచినవాడు, సత్పురుషుడు. రికార్డును మరల మరల తిప్పి విని స్వరము వ్రాసికొనెను. కాని జూలూ తెలియదు. పల్లవిలో ‘నీవు సింహమవు’ అను అర్థము నిచ్చు ‘ఉయింబూబె’ యను మాట అతని చెవికి ‘విమోవె’ యని వినబడెను. అతని మేళమగు ‘వీవర్స్’ 1952లో వెలువరించిన రికార్డు పేరును అదియే. తక్కిన జూలూ మాటలు తొలగిపోయినవి. ఏ భాషలోను అర్థములేని ఒక ధ్వని మిగిలినది.

వీవర్స్ పాటను తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. మందరస్వరముల బలమును వారు గ్రహించిరి. సీగర్ తారస్వరమున లిండాను అనుకరింపక, అతని సాహసమును మాత్రము తాను పూనెను. వాద్యబృందపు ఇత్తడి కొమ్ముల ఆర్భాటము కొంత అనవసరమైనను, ఆ పాటలో భక్తి కలదు. దోషము మరియొకచోట నున్నది. పాటను వారు కర్తలేని ప్రాచీనగానముగా భావించిరి. రచయిత స్థానమున తమ మేళము ఉమ్మడిగా వాడుకొను ‘పాల్ కాంప్‌బెల్’ అను కల్పితనామమును చేర్చిరి. ఆఫ్రికానుండి వచ్చినది గనుక ఎవ్వరిదియు కాదను ఊహ! ఒక పాటకు జాతి యంతయు కర్తయని పొగడుట కొన్నియెడల ఒక మనుష్యుని చేతినుండి దానిని లాగికొనుటకు మర్యాదయైన మార్గమగును. నిజము తెలిసిన పిదప సీగర్ లిండాకు వేయి డాలర్లు పంపించెను. రాబడియు అతనికి చేరుచున్నదనియే తలచెను. అది సవ్యముగా చేరలేదు.

ఇచ్చట మన సంప్రదాయమునందలి ఒక విశేషము తలపునకు వచ్చును. క్షేత్రయ్య పదములను రెండుమూడు శతాబ్దులు కాపాడినవారిలో తమిళదేశపు గాయనులు, నర్తకులు ముఖ్యులు. వీణ ధనమ్మాళ్ ఇంటివారి గానమున ఆ పదములు నేటివరకు నిలిచినవి. నోటినుండి నోటికి పోవుటలో కొన్ని తెలుగుమాటలు రూపు మారినమాట నిజమే. ఐనను ‘మువ్వగోపాల’ ముద్ర పదములోపలనే కుదిరియుండుటచేత, పాడువారికి తెలుగు రాకున్నను కర్తపేరు పలుకక తప్పదు. త్యాగరాజకృతులకును అట్లే. గ్రామఫోను పాటకు ముద్ర పాటలో లేదు. రికార్డుపై అంటించిన కాగితముపై నున్నది. కాగితము మార్చుట ఎంతపని?

1961లో బ్రూక్లిన్ యువకుల ‘టోకెన్స్’ మేళముకొరకు జార్జి డేవిడ్ వైస్ ఈ రాగమునకు ఇంగ్లీషుమాటలు కట్టెను. ‘ది లయన్ స్లీప్స్ టునైట్’ అను పేరున అదియే లోకమెల్ల వ్యాపించినది. వైస్‌కు గల చెవి మెచ్చదగినది. 1939 నాటి రికార్డు చివర లిండా నోట యాదృచ్ఛికముగా వెలువడిన ఆ స్వరపంక్తిని పట్టి, దానినే పాట నడుమకు తెచ్చి, మాటలన్నియు దానిపై నిలిపెను. పక్కన జారిపడిన రత్నమును తీసి కిరీటమున పొదిగినట్లైనది. జే సీగల్ గొంతు, వెనుకనుండి అనిటా డేరియన్ శ్రావ్యతారస్వరము, పాటకు వెన్నెలవంటి ఒక తేటదనము నిచ్చినవి. రికార్డుకు రెండవవైపున వేసిన పాట అమెరికాలో మూడువారములు ప్రథమస్థానమున నిలిచెను.

ఐనను సింహమేమైనది? లిండా పాటలో సింహము మేలుకొనియున్నది. దానిని తోలువారు గుంపుగా నిలిచి కేకవేయుచున్నారు. ఆ మందరస్వరములలో భయమును ధైర్యమును రెండును కలవు. అమెరికా పాటలో సింహము నిద్రించుచున్నది, పాట జోలపాటయైనది. ఈ నిద్ర ఎచ్చటనుండి వచ్చెను? జూలూ రాజు షాకా మరణింపలేదు, నిద్రించుచున్నాడు, ఒకనాడు మేల్కొనును అను ఐతిహ్యమును సీగర్ తన సభలలో ఈ పాటకు వ్యాఖ్యగా చెప్పెడివాడు. ఆ వ్యాఖ్యయే కొత్తమాటలలోనికి జారినదని తోచును. వ్యాఖ్యలో మేల్కొనుట ముఖ్యము. పాటలో అది పోయి నిద్ర మిగిలినది. పచ్చికబయళ్లలో తిరుగు మృగమును దట్టపు టడవిలో పండుకొనబెట్టుట మరియొక వింత. ఇది చిన్నతప్పే, జోలపాటలో భూగోళశాస్త్రము వెదకువాడు రసికుడు కాడు.

పిదప వచ్చిన మారుపాటలు లెక్కకు మిక్కిలి. 1962లో ఫ్రాన్సున ఆన్రి సాల్వడోర్ పాడినదానిలో సింహము నిద్రించుట మాని ఏకముగా మరణించినది! 1972లో రాబర్ట్ జాన్, 1982లో ఇంగ్లండున ‘టైట్ ఫిట్’ పాడినవి టోకెన్స్ పాటకు నీడలు. జనాదరణ అధికము, కొత్తదనము స్వల్పము. 1994లో డిస్నీవారి ‘లయన్ కింగ్’ చిత్రమున రెండు హాస్యపాత్రలు కొంతభాగము పాడుటతో అది పిల్లలపాటగా స్థిరపడినది.

వీటన్నిటి నడుమ 1960లో మిరియం మకేబా ‘ఎంబూబె’ యను మొదటి పేరుతోనే పాడిన పాట వేరుగా నిలుచును. అప్పటికి ఆమె స్వదేశమునకు దూరమై అమెరికాలో నుండెను. అమెరికన్ గాయకుల తోడుతోనే పాడినను, మాట మాటగా వినబడినది. ఉచ్చారణ సరియగుటచేత లయయు సరియైనది. జూలూ పదముల నొక్కులు రాగపు నొక్కులు ఒకచోటనే పడుచున్నవి. ‘విమోవె’ లో ఆ నొక్కులు రాగముపై బలవంతముగా తగిలించినట్లుండును. మాటను పోగొట్టుకొన్న పాట అర్థమునే గాక తాళమును కూడ కొంత పోగొట్టుకొనును. పరాయిసీమలలో తెలుగు పాటలు నేర్చు పిల్లలకు అర్థము తరువాత చెప్పవచ్చునను సంగీతోపాధ్యాయులు ఈ రెండు రికార్డులను పక్కపక్కన విని చూడవలెను.

దక్షిణాఫ్రికాలో మాత్రము పాట మరొక విధముగా బ్రతికినది. ‘ఎంబూబె’ యనునది అచ్చట ఒక గానరీతికే పేరయ్యెను. దానినుండి పెరిగిన మృదుపాదన్యాసపు బృందగానమును ‘ఇసికతమియ’ అందురు. 1960లో జోసెఫ్ షబలాలా స్థాపించిన ‘లేడీస్మిత్ బ్లాక్ మంబాజో’ ఆ సంప్రదాయమునకు చెందినదే. పాటను తిరిగి పాడుటకంటె, పాటనుండి కొత్తపాటలు పుట్టించుట గొప్ప మారుపాట కాదా?

లిండా 1962లో, టోకెన్స్ పాట ప్రథమస్థానము పొందిన సంవత్సరములోపలనే, మూత్రపిండముల వ్యాధితో పేదవాడై మరణించెను. భార్యకు సమాధిరాయి వేయించు స్తోమత లేదు. అది నిలుచుటకు పదునెనిమిది సంవత్సరములు పట్టెను. 2000లో రియాన్ మలాన్ అను దక్షిణాఫ్రికా రచయిత ‘రోలింగ్ స్టోన్’ పత్రికలో ఈ కథ విపులముగా వ్రాయగా లోకము కన్ను తెరచెను. దారి చూపినది ఒక పాతచట్టము. రచయిత హక్కులను అమ్ముకొన్నను, మరణించిన ఇరువదియైదేండ్లకు అవి వారసులకు తిరిగి చెందునని 1911నాటి బ్రిటిషు సామ్రాజ్య కాపీరైటు చట్టమున నియమము కలదు. వలసరాజ్యము చేసిన చట్టము వలసప్రజకు ఉపకరించిన అరుదైన సందర్భమిది. దాని ప్రకారము 1987నుండి హక్కు కుటుంబముదే. 2004లో డిస్నీపై దావా వేయబడెను. 2006లో రాజీ కుదిరెను. పాత రాబడిలో భాగము, ముందు రాబోవుదానిలో భాగము, సహకర్తగా లిండా పేరు – ఇవి దక్కినవి. అప్పటికి అతని భార్య మరణించి పదునారేండ్లు గడచెను.

1939నాటి రికార్డు నేడును దొరకుచున్నది. ధ్వని పలుచన, గరగరలు కలవు. జోలపాటకు అలవాటుపడిన చెవికి మొదట అది వేరొక పాటవలె తోచును. మందరస్వరములు గోడవలె నిలిచియుండును. తారస్వరము ఆ గోడపై ఎగయుచు దిగుచు నుండును. పాట తుదకు రాగా, ఎక్కడనో విన్న స్వరపంక్తి ఒకటి తటాలున వినవచ్చి, గుర్తుపట్టునంతలోనే ముగిసిపోవును.