ఎచటికి పోవలె?

ఎండలు ముదురుచున్న దినములలో మా యిరుగుపొరుగువారు నన్నడుగు ప్రశ్న యొక్కటియే: “ఏమండీ, ఈసారి ఎక్కడికి వెళ్తే బాగుంటుందంటారు?” 28 రాష్ట్రములును, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలున కెక్కిన భాషలే 22 గల యీ దేశమున, ఎవరినైనను ఏ దిక్కునకు పొమ్మని చెప్పగలము? తరచుగా వారు సమాధానమును చేతబట్టుకొనియే వత్తురు. పది దినములలో ఢిల్లీ, ఆగ్రా, జయపురము, హరిద్వారము చుట్టివచ్చునట్టి పట్టిక యొకటి ఎవరో యిచ్చియుందురు. అందు ఉదయపు కాఫీ మొదలు రాత్రి బస వరకు సర్వమును నిర్ణయింపబడియుండును గాని, పోవువాని కుతూహలమునకు అరగంటయైనను మిగిలియుండదు. అట్టి యాత్రను నేను నిందింపను. దానిని ఎంచుకొనుట యని మాత్రము అనజాలను.

ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. ఆయన 1830 మే 18న పరివారసమేతముగా కాశికి బయలుదేరి, మరుసటి యేడు సెప్టెంబరులో తిరిగి యిల్లు చేరెను. గమ్యమును గూర్చి ఆయనకు మీమాంస లేదు. లేకపోవుటచేతనే కాబోలు, ఏ యేరు ఎట్లు దాటవలయునో, ఏ మజిలీలో ఏ సరకులు దొరకునో, ఏ సీమవారి ఆచారమెట్టిదో తీరికగా గమనించి, మిత్రుడు కోమలేశ్వరపు శ్రీనివాసపిళ్లకు వ్రాయుచుండగలిగెను. ఆ వ్రాతలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’యై అచ్చుపడినవి. నేటి మనకు అట్టి ఏకైకగమ్యము లేదు గనుక, చూపును నిలుపు సూత్రమొకటి ఎవరికివారే వెదకికొనవలెను.

నాకు దొరకిన సూత్రము సత్యభామ.

సిద్ధేంద్రయోగి పేరిట కూచిపూడిలో నిలిచిన భామాకలాపమును చూచి పెరిగినవాడను గావున, తెరమీదుగా జడ వ్రేలవైచి నిలుచు ఆమె దర్పము నాకు చిరపరిచితము. ఈ భాగవతపు కథలు కృష్ణానది గట్టు దాటి ఏ సీమలలో ఏ వేషమున నిలిచినవో చూడవలెనని కోరిక కలిగినంతనే, అంత పెద్ద దేశపటమును నాకు రెండు మూడూళ్లుగా కుదించుకొనిపోయినది. మొదట తంజావూరు చెంతనున్న మేలట్టూరునకు పోతిని. అచట నరసింహజయంతి దినములలో, వరదరాజస్వామి కోవెల యెదుట, మేలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములను నేటికిని పురుషులే స్త్రీపాత్రలు ధరించి రాత్రి పొడుగునా ఆడుదురు. ముందు కోణంగి గంతులిడుచు వచ్చును. పిదప గణపతి ముఖము తొడిగిన బాలుడు. నా ప్రక్కన కూర్చున్న పెద్దలు తమిళమున ఇంటి సంగతులు ముచ్చటించుకొనుచుండగా, రంగముపైనుండి ప్రహ్లాదుని తల్లి లీలావతి తెలుగున శోకించుచుండెను. ఆ నాటకములోని నరసింహుని ముఖము వేషసామగ్రి గాదు, పూజలందుకొను దైవము. దానిని ధరించువాడు ఆనాడు ఉపవాసముండును. తంజావూరి పెద్దకోవెలను చూచి, అచటికి 20 కిలోమీటరులైనను లేని యీ యూరి పేరైన వినకయే మరలిపోవు తెలుగువారెందరో!

అచటనుండి సూత్రము ఒక్క దూకున బ్రహ్మపుత్రకు పోయినది. కృష్ణరాయల ఆస్థానమున నంది తిమ్మన పారిజాతాపహరణము చెప్పిన శతాబ్దముననే, అస్సామున శంకరదేవుడు వ్రజావళి భాషలో పారిజాతహరణ నాటకమును రచించెను. అందు సత్యభామ శచీదేవితో కయ్యమునకు దిగును. మన యింటి ఆడపడుచు దూరపుటూరి కోడలై ఎదురుపడినట్లుండును. జోర్హాటు సమీపపు నీమాతీ రేవునుండి, మోటారుసైకిళ్లతో క్రిక్కిరిసిన పడవపై, మాజులీ ద్వీపమునకు పోవలెను. శంకరదేవుని సంప్రదాయపు సత్రములలో, అనగా అచటి వైష్ణవ మఠములలో, ఆ నాటకములు నేటికిని సజీవముగా నున్నవి. సామగురి సత్రమున ముఖపుతొడుగులు చేయుట చూచితిని. వెదురును సన్నని బద్దలుగా చీల్చి, గడులుగా అల్లి, ఆకృతిని నిలుపుదురు. పలుచని బంకమట్టిలో ముంచిన గుడ్డపేలికలను దానిపై పరతురు. అవి యారిన పిదప మట్టియు ఆవుపేడయు కలిపి ముక్కును, కనుబొమలను తీర్చుదురు. కొన్నింటికి దవడ కదలును, రాక్షసుడు మాటాడునపుడు నోరు తెరచి మూయును. ఒకటి చేతికిచ్చిరి, చూపునకు తోచినంత బరువు లేదు.

సూత్రము కుదిరినచో ఋతువును గూర్చిన తర్జనభర్జనయు తీరును. వైశాఖమున కావేరీతీరము ఉడికిపోవుచుండును, అయినను పోవలసినది వైశాఖముననే. మాజులీలో రాసోత్సవము కార్తికపూర్ణిమకు. అప్పటికి వరద తీసియుండును. ఏటేటా నది ఆ ద్వీపపుటంచులను కోసికొనిపోవుచున్నది గావున, పైయేటికి చూతమనువారు కొంచెమాలోచించుట మేలు. “కాశ్మీరం చూడకుండానే పోతావా?” అని మిత్రుడొకడు నన్ను బెదిరించుచుండును. పోదునేమో!

సత్యభామయే కానక్కరలేదు. పోచంపల్లి చిటికీ నేతను ఎరిగినవారు ఆ దారపు పోగునే పట్టుకొని సంబల్పురమునకును, పటోలా నేయు గుజరాతు పాటనునకును పోవచ్చును. మా యిల్లాలికి ఈ దారియే నచ్చినది. రాబోవు శీతకాలమునకు పాటను నిశ్చయమైనది. అచట ఒక్క చీర నేయుటకు నెలలు పట్టుననియు, ధర లక్షలలో నుండుననియు ముందుగానే హెచ్చరించితిని. “చూడ్డానికి డబ్బులు తీసుకోరుగా!” అని ఆమె బదులు చెప్పెను.