పరారుణ దూరదర్శని పరికరములు: నిక్మాస్ చరిత్రపై ఒక విమర్శ

దూరదర్శనిని గూర్చి వ్రాయునపుడు దాని దర్పణము వ్యాసమెన్ని మీటర్లో ముందుగా చెప్పుట మనకు అలవాటు. ఆ దర్పణము పోగుచేసిన కాంతి తుదకు ఎచ్చట పడును, అచ్చట దానిని పట్టుకొను పరికరమును ఎట్లు కట్టిరి, ఎట్లు పరీక్షించిరి అను సంగతులు పాఠ్యపుస్తకములలో గాని పత్రికలలో గాని అరుదుగా కనబడును. పరారుణ కిరణముల విషయమున ఈ లోపము చిన్నది కాదు. అచ్చట పరికరము సరిగా లేనిచో ఎంత గొప్ప దర్పణమైనను వ్యర్థమే. అందుచేత ఒక్క పరికరమును తీసికొని దాని మంచిచెడ్డలను విచారింతము. అది హబుల్ దూరదర్శనిలో అమర్చిన నిక్మాస్. దీనిని విఫలమైన పరికరమని కొందరు చెప్పవచ్చును. చచ్చి బ్రతికిన విజయమని మరికొందరు చెప్పవచ్చును. ఈ రెండు తీర్పులును తొందరపాటువే.

ముందుగా మూలసూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొందము. 1800వ సంవత్సరమున విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకముతో విడదీసి, ఎరుపు రంగునకు ఆవల, కంటికేమియు కనబడని చోట థర్మామీటరు నుంచగా ఉష్ణోగ్రత పెరిగినది. అచ్చట పడుచున్నవి పరారుణ కిరణములు. నక్షత్రముల మధ్యనున్న ధూళి మామూలు కాంతిని అడ్డగించును. పరారుణ కిరణములు దానిలోనుండి చాలవరకు దూరి రాగలవు. ధూళిమేఘములలో పుట్టుచున్న నక్షత్రములను చూచుటకు ఇవి గొప్ప ఆధారము. అయితే వెచ్చని వస్తువులన్నియు ఈ కిరణములనే వెదజల్లును. గదిలోని బల్ల, గోడ, మన శరీరము, అన్నియు సుమారు 10 మైక్రానుల తరంగదైర్ఘ్యము వద్ద మిక్కిలిగా ప్రకాశించుచున్నవి. వెచ్చని పరికరముతో మసక నక్షత్రమును వెదకుట, పెట్రోమాక్సు దీపమును చేతబట్టుకొని మిణుగురు పురుగులను లెక్కించుట వంటిది. ఆ దీపమును ఆర్పవలెనన్నచో పరికరమును గాలిలేని పాత్రలో ఉంచి మిక్కిలి చల్లబరచవలెను. అట్టి పాత్రను ఒక పెద్ద థర్మాస్ ఫ్లాస్కు అనుకొనవచ్చును.

చల్లబరచుటతో క్రొత్త చిక్కులు మొదలగును. ఒక మీటరు పొడవుగల అల్యూమినియపు కడ్డీని గది వేడిమినుండి ద్రవ నత్రజని చల్లదనమునకు తెచ్చినచో సుమారు 4 మిల్లీమీటర్లు కుదియును. కొన్ని రకముల గాజు దాదాపు ఏమియు కుదియదు. కటకమును లోహపు చట్రములో బిగువుగా బంధించినచో అది పగులును. వదులుగా ఉంచినచో కదలును. సాధారణమైన కందెన నూనెలు గడ్డకట్టి చక్రములు తిరుగవు. కాబట్టి బల్లమీద చక్కగా పనిచేసిన యంత్రము చలిలో మొరాయింపవచ్చును. లోపమును చూడవలెనన్నను, సవరింపవలెనన్నను పాత్రను నెమ్మదిగా వెచ్చబరచి, విప్పి, మరల చల్లబరచవలెను. పరారుణ పరికరములను పరీక్షించుటకు ఓర్పు కావలెననుటకు ఇదియే కారణము.

నిక్మాస్ అనునది సమీప పరారుణ ఛాయాగ్రాహకము, బహువస్తు వర్ణపటమాపకము అను అర్థముగల ఆంగ్ల నామమునకు సంక్షేపము. 1997 ఫిబ్రవరిలో వ్యోమగాములు దీనిని 2.4 మీటర్ల హబుల్ దూరదర్శనిలో అమర్చిరి. దీనియందు మూడు కెమెరాలు కలవు. ఒక్కొక్క కెమెరా శోధకము పాదరసము, కాడ్మియము, టెల్లూరియముల సమ్మేళనముతో చేయబడినది. అందు 256 వరుసలలో వరుసకు 256 చొప్పున 65,536 సూక్ష్మ గ్రాహకములు కలవు. 0.8 మైక్రానులనుండి 2.5 మైక్రానులవరకు గల కిరణములను ఇవి గ్రహించును. శోధకములను సుమారు 60 కెల్వినుల వద్ద, అనగా సున్నకు దిగువ 213 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద, ఉంచుటకు పాత్రలో ఘన నత్రజనిని నింపిరి. కర్పూరము వలె ఆ గడ్డ కరుగకయే మెల్లగా ఆవిరి యగుచు చల్లదనము నిచ్చును. అది సుమారు నాలుగున్నర సంవత్సరములు నిలుచునని అంచనా వేసిరి.

అది రెండేండ్లే నిలిచినది. కారణము భూమిమీదనే పుట్టినది. ప్రయోగమునకు ముందు గడ్డ కరిగిపోకుండ పాత్ర వెనుకభాగమునందలి గొట్టములలో చల్లని హీలియం వాయువును అప్పుడప్పుడు పంపుచుండిరి. అట్లు చల్లబడిన వెనుకభాగమునకు నత్రజని ఆవిరి చేరి గడ్డకట్టి ఖాళీలను పూడ్చినది. తరువాత ఆ గడ్డ వెచ్చబడి వ్యాకోచింపగా దానికి చోటు చాలక పాత్రను లోపలినుండి నెట్టి సాగదీసినది. కక్ష్యలో గడ్డ మరల వెచ్చబడి అనుకొన్నదానికంటె ఎక్కువగా వ్యాకోచించినది. లోపలి చల్లని అడ్డుపలక యొకటి దానికంటె వెచ్చనైన కవచమును తాకినది. ఆ స్పర్శవలన వేడిమికి దారి దొరకినది. నత్రజని త్వరత్వరగా తరుగుచు 1999 జనవరిలో అయిపోయినది. మూడవ కెమెరా నాభి దాని సవరణ యంత్రమునకు అందనంత దూరము జరిగిపోయినది.

ఇక తీర్పు విషయము. ఇచ్చట తెలియని భౌతికశాస్త్రమేదియు లేదు. ఘనపదార్థములు వేడిచే వ్యాకోచించునని హైస్కూలు విద్యార్థియు చెప్పగలడు. పరీక్షలు జరుపలేదనుటయు న్యాయము కాదు. పరికరమును ఒక వస్తువుగా పరీక్షించిరి గాని, దానిని చల్లగా ఉంచు పద్ధతి దానికేమి చేయుచున్నదో తగినంతగా పరీక్షింపలేదనుట న్యాయము. కాపాడుటకై చేసిన పనియే హాని చేసినది. పరీక్షించు చేయియు పరీక్షలో ఒక భాగమే యని మరచుట అసలు దోషము. విఫలమైనదని ఊరకొనువారు ఈ దోషమును చూడరు. విజయమని పొగడువారు దీనిని దాటిపోవుదురు.

తరువాత చేసిన పనిని మాత్రము మెచ్చుకొనక తప్పదు. ఆయుష్షు తగ్గినదని తెలియగానే ఆ స్వల్పకాలమున నిక్మాస్‌కు ఎక్కువ పరిశీలన సమయమును కేటాయించిరి. 1998లో రెండు పర్యాయములు హబుల్ ద్వితీయ దర్పణమునే జరిపి మూడవ కెమెరాకు స్పష్టమైన దృష్టిని కల్పించిరి. గడ్డకు బదులుగా, నియాన్ వాయువును సూక్ష్మ టర్బైనులతో త్రిప్పి చల్లబరచు యంత్రమును నిర్మించిరి. దానిని నేరుగా హబుల్‌లో పెట్టక, 1998 అక్టోబరు చివర బయలుదేరిన డిస్కవరీ నౌకలో అంతరిక్షమునకు పంపి పరీక్షించిరి. 2002 మార్చిలో అమర్చిన పిమ్మట శోధకములు సుమారు 77 కెల్వినుల వద్ద 2008 వరకు పనిచేసినవి. ఉష్ణోగ్రత మారినందున శోధకముల స్వభావమును మొదటినుండి కొలిచి చూచుకొనవలసి వచ్చినది.

ఈ కొలతల విలువను ఒక సంఘటన చాటును. హెచ్.ఆర్. 8799 అను నక్షత్రము చుట్టు మూడు గ్రహములు నేరుగా కనబడినవని 2008లో ప్రకటించిరి. 1998లో నిక్మాస్ అదే నక్షత్రమును చిత్రించియుండెను. ఆ పాత చిత్రములను 2009లో క్రొత్త గణన పద్ధతితో శోధింపగా ఆ గ్రహములలో ఒకటి అందు దొరకినది. పది సంవత్సరములుగా అది నక్షత్రపు వెలుగులో మరుగుపడియుండెను. పరికరము ఎచ్చట ఎట్లు తప్పుచూపునో తెలిసినవానికే తప్పునకును గ్రహమునకును భేదము తెలియును.

2021 డిసెంబరు 25న ప్రయోగింపబడిన వెబ్ దూరదర్శని నిర్మాణమున చలిలో పరీక్షకు పెద్దపీట వేసిరి. దాని దర్పణ ఖండములు చలిలో ఎంత వంగునో కొలిచి, ఆ వంకరకు ప్రతిగా మరల సానపట్టిరి. 2017లో హ్యూస్టనులోని గాలిలేని గదిలో దర్పణములను, పరికరములను కలిపి సుమారు 100 దినములు చలిలో పరీక్షించిరి. 7 కెల్వినులకు లోబడి పనిచేయు దాని మధ్య పరారుణ పరికరమునకు తరిగిపోవు గడ్డను గాక శీతలీకరణ యంత్రమును అమర్చిరి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపము. వెబ్ పంపిన రంగుల చిత్రమును తరగతిలో చూపునపుడు, ఇది ఎంత అందముగా నున్నదని మాత్రమే చెప్పి విడువకుడు. దీనిని తీసిన పరికరమును ఎట్లు పరీక్షించిరని విద్యార్థులచేత అడిగింపుడు. ప్రయోగశాలలో విద్యార్థి కొలత పుస్తకములోని విలువతో సరిపోనపుడు దానిని చెరిపి సరియైన అంకెను వ్రాయించు అలవాటు మన పాఠశాలలలో కలదు. ఆ చెరిపిన అంకెలోనే సాగిన పాత్ర యొకటి దాగియుండవచ్చును. దానిని చెరుపనీయక, కారణము వెదకుమని చెప్పుట మన చేతిలోని పని.