ఇసుక కింది పొయ్యి

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు పేరు చెప్పుకుని మురిసిపోయే సిరిసిల్ల, చెలిమె తోడే చేతుల్ని మాత్రం ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. నా దృష్టిలో అదీ ఒక విద్యే. మగ్గం మీద తెగిన పోగు వెతికే కంటికి ఎంత ఓపిక కావాలో, ఇసుకలో నీటిజాడ పట్టే అరిచేతికీ అంత కావాలి.

ఈ మాట చెప్పి, గోదావరి ఇసుకలో వేడినీళ్ల చెలిమెలు కూడా ఉన్నాయంటే నా మిత్రుడు నవ్వాడు. వాడి తాత సిరిసిల్ల నుంచి మరమగ్గాల పనికి భివండీ వలసపోయాడు. ఆ తాలూకాలోనే వజ్రేశ్వరి ఉంది. 1739లో వసయీ కోట గెలిచాక చిమాజీ అప్పా మొక్కు తీర్చిన అమ్మవారు. ఆ చుట్టుపక్కలే తాన్సా నది దగ్గర అకలోలి, గణేశ్‌పురి వేడినీటి కుండాలు. వీడు చిన్నప్పటినుంచి వాటిలో మునిగినవాడు. "మీ తాన ఉడుకునీళ్లంటే గీజరే గదరా" అన్నాడు. ఆ ఒక్క మాటకే కారు తీశాను.

కోరుట్లలో వాడి మేనత్త ఇంట్లో రాత్రి ఉండి, తెల్లారి జగిత్యాల మీదుగా ధర్మపురి చేరాం. పక్కనే బుగ్గారం. బుగ్గ అంటే ఊటే కదా, మనవాళ్లు నీళ్ల పేరు మీద ఊళ్లను పిలుచుకున్నారని ఒక ఉపన్యాసం దంచాను. వాణ్ని గోదావరిలోకి దించి ముందు చల్లని చెలిమె నేర్పించాను. వేడి చెలిమె పై తరగతి చదువు.

చెలిమెకు చోటు ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పారే నీటికి మరీ దగ్గరైతే ఏటినీళ్లే వస్తాయి, మరీ దూరమైతే నడుం పడిపోతుంది. పై ఇసుక చేత్తో గీకి, అడుగున చెమ్మ తగిలినచోట అరిచేయి వెనక్కి తిప్పి ఆనించాలి. గుంత నిట్టనిలువుగా తవ్వితే గోడలు కూలుతాయి, పళ్లెంలా ఏటవాలుగా తీయాలి. మొదట ఊరిన మురికినీళ్లను రెండు మూడుసార్లు తోడి పారబోయాలి. ఆ తర్వాత కాసేపు ఊరుకోవాలి. ఈ ఊరుకోవడమే చాలామందికి చేతకాదు. నా చిన్నప్పుడు మానేరులో ఒక అవ్వ కొబ్బరిచిప్పతో రెండు బిందెలు నింపేది; చెలిమెలో అడుగు ఇసుక ఒక్క రేణువు లేచేది కాదు. ఆ మణికట్టు వాటం ఇంకెవరిలోనూ చూడలేదు.

ములుగు, ఏటూరునాగారం దాటి మణుగూరు చేరితే కథ మారుతుంది. ఇది సింగరేణి బొగ్గు నేల. ఇక్కడ అగ్నిపర్వతాలు లేవు. భూమిలో కిలోమీటరు దిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. గోదావరి లోయ పగుళ్లలో లోతుకు ఇంకిన వాననీరు ఆ వేడి మోసుకుని మళ్లీ పైకి తన్నుకొస్తుంది. పగిడేరు దగ్గర బోరు నుంచి ఉబికే వేడినీటితో సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగ విద్యుత్ కేంద్రం పెట్టింది. మంచిదే. నా మనసు మాత్రం గుండాల మీదే ఉంది.

గుండాల భద్రాచలానికి ఐదు కిలోమీటర్ల దూరం. విభజనలో ఆంధ్రప్రదేశ్‌కు పోయింది. మా భద్రాద్రి పక్కనున్నదాన్ని మాదే అనుకోవడం నేనింకా మానలేదు. చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడికొచ్చి స్నానం చేస్తారని చెప్పుకుంటారు. ఒడ్డు ఇసుకలో గుంత తీస్తే చాలు, వేడినీళ్లు ఊరతాయి.

అక్కడ ఒక ముసలాయన పనితనం చూడాలి! చెప్పులు విడిచి నాలుగడుగులు వేసి ఆగాడు. పాదమే ఆయనకు థర్మామీటరు. గుంత తీసి, ఏటి నుంచి వేలెడు వెడల్పు కాలువ గీశాడు. చల్లనీళ్లు చాలనుకున్నప్పుడు పిడికెడు ఇసుకతో దాని మూతి కట్టేశాడు. మడమతో తోస్తే మళ్లీ పారుతుంది. ఏ నల్లా తిప్పినా ఇంత పదునుగా వేడి కుదరదు. వజ్రేశ్వరి మొనగాడు మోకాళ్లదాకా దిగి, పావుగంట నోరెత్తలేదు.

"మా కాడ కుండానికి రాతి గోడలుంటయి," అన్నాడు చివరికి.

అక్కడే ఉంది తేడా. గోడ కట్టిన కుండం నిన్నటి మనిషి మురికిని దాచుకుంటుంది. చెలిమె ఏ పూటకాపూట పుడుతుంది, వరదొస్తే నది తుడిచేస్తుంది. ఇక సిమెంటు తొట్టిలో మోటారు నీళ్లు మరగబెట్టి, గులకరాళ్లు పేర్చి 'సహజ జలచికిత్స' అని బోర్డు కట్టే రిసార్టుల సంగతి ఎత్తితే నాకు రక్తం మరుగుతుంది. ఆ మరుగులో కాళ్లు పెట్టుకోండి, డబ్బులు మిగులుతాయి!

అంతకన్నా పెద్ద కోపం ఇసుక లారీల మీద. వడపోతా ఇసుకే, గోడా ఇసుకే, వేడి చెలిమెకు మూతా ఇసుకే. దాన్ని ఊడ్చేశాక మిగిలేది బండ, బురద. తిరుగు ప్రయాణంలో మానేరు వంతెన మీద వాడు కారు ఆపమన్నాడు. అద్దం దించి కిందికి చూశాడు. "నీ అవ్వ చెలిమె యేడుండెరా?"

చెయ్యి చాపాను. చూపించడానికి ఇసుక లేదు. మీ ఊరి ఏట్లో ఇంకా గంపెడు ఇసుక మిగిలుంటే, ఈ ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ఒక్క చెలిమె తోడించండి. ఆ మురికినీళ్లు పారబోశాక కాసేపు ఊరుకోవడం కూడా నేర్పండి.