రెపోని డ్రైవ్‌లో పడేసే ముందు

ఈ రోజుల్లో కొనే పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో చాలా ఎక్స్‌ఫ్యాట్‌లో వస్తాయి. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. ఫొటోలకీ సినిమాలకీ అది చాలు. గిట్ రెపోకి చాలదు.

ఫైల్‌ని నడిపించొచ్చా లేదా అన్న గుర్తును ఎక్స్‌ఫ్యాట్ దాచుకోదు. లైనక్స్ ల్యాప్‌టాప్‌లోని రెపోని ఉన్నదున్నట్టు అందులోకి కాపీ చేసి స్టేటస్ కొట్టండి: ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా దాదాపు ఫైళ్లన్నీ మారిపోయాయని ఎర్రగా జాబితా వస్తుంది. డిఫ్ తీస్తే కోడ్ ఏమీ కనబడదు, 100644 పోయి 100755 వచ్చిందన్న ముక్క తప్ప. ఫైల్‌మోడ్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ఆ గోల ఆగుతుంది. సిమ్‌లింకులకైతే అసలు చోటే లేదు.

మ్యాక్‌ది ఇంకో తరహా పేచీ. చుక్కా అండర్‌స్కోరుతో మొదలయ్యే పిల్ల ఫైళ్లను అడక్కుండానే అసలు ఫైళ్ల పక్కన పెట్టేస్తుంది. అవి ప్యాక్ ఫోల్డర్‌లో చేరితే గిట్ వాటినీ ఇండెక్సులే అనుకుని ‘నాన్-మోనోటోనిక్ ఇండెక్స్’ అని అరుస్తుంది. చూసినవాళ్లకి రెపో పోయిందనే అనిపిస్తుంది. ఆ పిల్ల ఫైళ్లను తీసేస్తే చాలు, కమిట్లన్నీ క్షేమం.

చోటు సంగతి ఎవరూ పట్టించుకోరు. 32 జీబీ దాటిన డ్రైవ్‌ని విండోస్ ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే, మామూలుగా ఒక్కో క్లస్టర్ 128 కేబీ. రెండొందల బైట్ల కమిట్ కూడా అంత చోటూ ఆక్రమిస్తుంది. ప్యాక్ చేయని ఆబ్జెక్టులు పదివేలుంటే 1.2 జీబీ హరీ. ముందే గిట్ జీసీ నడిపితే అవన్నీ ఒక ప్యాక్‌లోకి సర్దుకుంటాయి.

ఇంత బతిమాలుకోవడం ఎందుకని నా వాదన. డ్రైవ్ మోసుకెళ్లడానికి, దాని మీద కూర్చుని పనిచేయడానికి కాదు. గిట్ బండిల్ అని ఒక కమాండ్ ఉంది, వాడేవాళ్లే తక్కువ. బ్రాంచిలూ ట్యాగులూ అన్నీ ఒకే ఫైల్ అవుతాయి. నడిపించొచ్చన్న గుర్తూ సిమ్‌లింకులూ గిట్ డేటాగా లోపలే ఉంటాయి కాబట్టి బయట ఏ ఫైల్‌సిస్టమ్ ఉన్నా ఫర్వాలేదు. అవతలి మెషీన్‌లో దాన్నుంచే క్లోన్, ఆ తర్వాత ఫెచ్ కూడా. కమిట్ చేయని మార్పులు మాత్రం అందులోకి రావు. పాత ఫ్యాట్32 డ్రైవయితే ఫైల్ 4 జీబీ లోపే ఉండాలి.

డ్రైవ్ మీదే పనిచేయక తప్పని రెపోలూ ఉంటాయి. అప్పుడు ఫైల్ పేర్లూ అడ్డు రావచ్చు: లైనక్స్ కెర్నెల్ నెట్‌ఫిల్టర్ హెడర్లలో ‘మార్క్’ అన్న మాట ఒక ఫైల్ పేరులో క్యాపిటల్స్‌లో, ఇంకోదాంట్లో స్మాల్ లెటర్స్‌లో ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి రెండూ ఒకటే. ఏ సెట్టింగూ దాన్ని సరిచేయలేదు. అలాంటప్పుడు డ్రైవ్‌లో పెద్ద ఇమేజ్ ఫైల్ ఒకటి చేసి, లోపల ఈఎక్స్‌టీ4 వేసి, దాన్నే మౌంట్ చేసుకుంటాను. తీసేటప్పుడు ముందు ఇమేజ్‌ని అన్‌మౌంట్ చేయాలి, తర్వాతే డ్రైవ్‌ని.