మెషిన్ లోపలి బండ

మా ఇంటి ఫ్రంట్ లోడ్ మెషిన్ పదకొండో ఏట మూలగడం మొదలుపెట్టింది. బట్టలు పిండే వేళకు పిండిమర పక్కన కాపురం ఉన్నట్టుండేది. మెకానిక్ వచ్చి పై రేకు ఊడదీసి, లోపలి నుంచి ఒక సిమెంటు దిమ్మను రెండు చేతులా ఎత్తి పోర్టికోలో దించాడు. అమ్మ అక్కడే నిలబడి చూస్తోంది.

"ఇదేంటి బాబూ, తూకం కోసం రాయి పెట్టి అమ్మారా?" అంది. తక్కెడ మోసాలు చూసిన తరం మరి.

"ఈ రాయి లేకపోతే మీ మెషిన్ గేటు దాకా నడుచుకుంటూ పోతుందమ్మా" అన్నాడతను.

ఇంట్లో ఆ వారమంతా ఒకటే చర్చ. దీన్ని బాగుచేయించాలా, కొత్తది కొనాలా? కొంటే ముందు తలుపుదా, పై మూతదా? షోరూములో ఈ ప్రశ్నకు స్టిక్కర్లు జవాబు చెబుతాయి. నాకు మాత్రం పాత చీర పరిచి దాని మీద పేర్చిన ఆ విడిభాగాలే చెప్పాయి.

ఫ్రంట్ లోడ్ చేసేది రేవులో బండ చేసిన పనే. అడ్డంగా పడుకున్న డ్రమ్ము లోపల మూడు గట్లుంటాయి. తడిసిన బట్టను అవి పైకి మోసుకెళ్లి జారవిడుస్తాయి, బట్ట దభీమని నీళ్లలో పడుతుంది. ఆ పాటులోనే మురికి వదులుతుంది. ఉతికేటప్పుడు డ్రమ్ము నిమిషానికి ఓ 50 చుట్లు మాత్రమే తిరగడం బద్ధకం కాదు, లెక్క. డ్రమ్ము వ్యాసార్ధం 24 సెంటీమీటర్లనుకుంటే, 61 చుట్లు దాటగానే బట్ట గోడకు అతుక్కుపోయి ఇక కింద పడదు. పడకపోతే ఉతుకే లేదు. నురగ ఎక్కువైనా అదే నష్టం, బట్ట పరుపు మీద పడ్డట్టు మెత్తగా పడుతుంది. చేత్తో ఉతికే పొడి ఇందులో పోయొద్దనేది అందుకే.

రేవులో బండతో పాటు ఉబ్బ కూడా ఉండేది. చౌడు నీళ్లలో తడిపిన బట్టలకు ఆవిరి పట్టేవారు. మెషిన్ అడుగున ఉండే హీటరు ఆ ఉబ్బకు మనవడు. మా బోరు నీళ్ల పుణ్యమా అని మా హీటరు తెల్లటి సున్నం పొలుసు కట్టి, పిండిలో దొర్లించిన మురుకులా బయటికొచ్చింది.

అసలు పనితనం కనిపించేది పిండేటప్పుడు. డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరిగితే లోపలి బట్ట తన బరువుకు 380 రెట్లకు పైగా గోడను నొక్కుతుంది. అర కిలో తడి తువ్వాలు ఒక పక్కకు చేరిందంటే 190 కిలోల బరువు లాగినట్టే, అదీ సెకనుకు 20 సార్లు చుట్టూ దిక్కు మారుస్తూ. 1937లో అమెరికాలో బెండిక్స్ సంస్థ తెచ్చిన తొలి ఇంటి ఆటోమేటిక్ ఫ్రంట్ లోడ్‌కు ఈ లాగుడును తట్టుకునే ఊయల లేదు. అందుకని దాన్ని నేలకు బోల్టులతో బిగించేవారు. ఇప్పటి మెషిన్లో డ్రమ్ము చుట్టూ ఉండే టబ్బును పైన స్ప్రింగులకు వేలాడదీసి, కింద బైకు షాక్ అబ్జార్బర్ల లాంటివి ఆనించి, పైనా ముందూ సిమెంటు దిమ్మలు కట్టారు. బరువైనదాన్ని ఊపడం కష్టం, అంతే కిటుకు. రేవులో బట్టను బాదడానికున్న బండ, ఇక్కడ కదలకుండా పట్టుకోవడానికి లోపలికొచ్చి కూర్చుంది.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం తలుపు చుట్టూ ఉండే బూడిదరంగు రబ్బరు. మెకానిక్‌లు గాస్కెట్ అంటారు. తలుపు కదలదు, టబ్బు ఊగుతూనే ఉంటుంది. రెంటి మధ్యా చుక్క నీరు కారకూడదు. హార్మోనియం తిత్తిలా మడతలు పెట్టిన ఆ రబ్బరు, ఊగినప్పుడల్లా ఒక పక్క సాగుతూ ఇంకో పక్క ముడుచుకుంటూ పదకొండేళ్లు నీళ్లను ఆపింది. కింది మడతలో నిలిచిన నీరు పోయేందుకు చిన్న చిన్న రంధ్రాలు కూడా పెట్టారు. వాటిని మేం చూసుకోలేదు. ఒక పిన్నీసు, రెండు రూపాయి బిళ్లలు, వేలెడు నల్లటి బూజు. ఉతుకు అయ్యాక తలుపు ఓరగా తెరిచి ఉంచితే ఇంత జరిగేది కాదు.

మర్నాడు ఆ మూలుగుకు కారణమైన బేరింగు కోసం మెకానిక్ షెడ్డుకు వెళితే టాప్ లోడ్ ఒకటి విప్పి ఉంది. ఇందులో గాస్కెట్టే లేదు. నిలబెట్టిన బిందెలో నీళ్లు వాటంతటవే నిలుస్తాయి, రబ్బరుతో పనేముంది? అడుగున పల్సేటర్ అనే పళ్లెం అటూ ఇటూ తిరిగి, గాబులో చేత్తో జాడించినట్టు బట్టల్ని కలియబెడుతుంది. టబ్బును నాలుగు మూలలా నాలుగు ఊచలకు వేలాడదీశారు. సిమెంటు దిమ్మ ఎక్కడా కనబడలేదు. మరి కుదుపు సంగతి? అతను బుట్ట అంచున ఉండే ప్లాస్టిక్ రింగు తీసి, కొబ్బరికాయ ఊపినట్టు నా చెవి దగ్గర ఊపాడు. గుడగుడ. లోపల ఉప్పునీళ్లు పోసి మూసేశారు. ఒక వేగం దాటాక ఆ నీరు తనంతట తానే, బట్టలు పేరుకున్న వైపుకు ఎదురుగా చేరి తూకం సరిచేస్తుంది. మోటారు లేదు, తీగ లేదు. ఆ ఒక్క తెలివికి నేను సిమెంటు కంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఉతుకు నాణ్యతలో, చీర నేత చెడకపోవడంలో నా ఓటు ముందు తలుపుదానికే. నీళ్లు దాదాపు సగమే తాగుతుంది. కానీ ఓపిక కావాలి, కాటన్ బట్టలకు రెండు గంటలైనా పడుతుంది. పై ట్యాంకుకు ఆనుకునే కాపురముండేవాళ్లు నీటి ఒత్తిడి చాలుతుందో లేదో ముందే చూసుకోవాలి. నడుము వంగనివాళ్లకు, మధ్యలో "అయ్యో, ఈ చొక్కా మరిచిపోయా" అనేవాళ్లకు పై మూతే సుఖం.

షోరూములో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: టబ్బు రెండు సగాలూ బోల్టులతో బిగించారా, కరిగించి అతికేశారా? అతికేస్తే రేపు బేరింగు పోయినప్పుడు టబ్బును రంపంతో కోయాలి, లేదా మొత్తం మార్చాలి. వందల రూపాయల భాగం కోసం వేలు పోతాయి. ఇంత చక్కగా కట్టి చివర్లో ఈ పిసినారితనమేమిటో! మాది బోల్టులదే. డ్రమ్మును వెనక నుంచి మోసే మూడు కొమ్మల అల్యూమినియం చట్రాన్ని సబ్బునీళ్లు కాస్త కొరికాయి గానీ, ఇంకా గట్టిగానే ఉందన్నాడు. కొత్త మెషిన్ మాట అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రానికి అన్నీ బిగించాడు. ఆఖరున సిమెంటు దిమ్మ ఎత్తుతుంటే అమ్మ చీర మీది బోల్టులు ఏరి అతని చేతికందిస్తూ, "మెల్లగా పెట్టు బాబూ, రాయి పగిలేను" అంది.