పేరు పెట్టి పిలిచే ఏడుపు

మహానంది చుట్టుపక్కల ఊళ్లలో ఎవరన్నా పోతే, పొరుగూరి నుంచి వచ్చే ఆడవాళ్లు వీధి మలుపు తిరగగానే గొంతెత్తుతారు. ఆ గొంతు విని, అప్పటికే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు కూర్చున్నవాళ్లు మళ్లీ అందుకుంటారు. వచ్చినామె నేరుగా పోయి, చనిపోయినామె కూతుర్నో తోడికోడల్నో మెడ చుట్టూ చేతులేసి పట్టుకుని రాగం తీస్తుంది. దీన్నే శోకాలు పెట్టడం అంటారు. పట్నం నుంచి వచ్చిన చుట్టాలకు ఇదంతా అరుపుల్లా వినబడుతుంది. కాస్త చెవిపెట్టి వింటే అందులో ఒక మనిషి బతుకు కథ మొదట్నించి నడుస్తూ ఉంటుంది. ఆ కథను అందరికంటే బాగా చెప్పేది, నేను విన్నంతలో, రక్తసంబంధం ఉన్నవాళ్లు కాదు. కలిసి పనికి పోయిన స్నేహితురాలు.

అందుకు కారణం ఈ నేలలోనే ఉంది. రాయలసీమ అంటే ఎండిన చేలే గుర్తొస్తాయి గానీ, నల్లమల అడుగున ఉన్న మహానందికి నీళ్ల కరువు లేదు. గుడిలో స్వామి కింద పుట్టిన ఊట కోనేరు నింపి, అక్కడి నుంచి పొలాలకు పారుతుంది. ఆ నీళ్లకు వరి, అరటి, పసుపు పండుతాయి. నాట్లు, కలుపులు, పసుపు తవ్వకాలు అన్నీ ఆడవాళ్లు గుంపుగా చేసే పనులే. ఒకే వరసలో ఏళ్ల తరబడి వంగి పనిచేసినవాళ్లు కులం ఏదైనా ఒకరినొకరు వదినా, అక్కా, పిన్నమ్మా అని పిలుచుకుంటారు. సద్ది విప్పి పంచుకుంటారు, ఇంట్లో చెప్పుకోలేనిది గట్టు మీద చెప్పుకుంటారు. మొగుడికి ఆమె పెళ్లాం, పిల్లలకు అమ్మ. ఆమె ఏ మాటకు పగలబడి నవ్వేదో, ఏ పండక్కి చీర కొనలేక ఎంత బాధపడిందో తెలిసింది పక్క సాలులో నడిచినామెకే. చావు ఇంట్లో ఆ తెలివిడంతా గొంతులోకి వస్తుంది.

శోకానికి మొదటి మెట్టు పిలుపు. చనిపోయిన మనిషిని వరస పెట్టి, నోరారా, ఎదురుగా ఉన్నట్టే పిలవాలి. ఆమె గురించి పక్కవాళ్లతో చెప్పడం ఉండదు, ప్రతి మాటా ఆమెతోనే. ఈ ఒక్క నియమం మీదే మొత్తం కట్టడం నిలబడింది. 'ఆమె మంచిది' అంటే వినేవాళ్లు తలూపి ఊరుకుంటారు. 'వదినా, నాకు జ్వరమొస్తే నా వంతు నాటు కూడా నువ్వే ఏస్తివే, యాడికి పోతివి వదినా' అంటే వాకిలి మొత్తం ఏడుస్తుంది.

పిలుపు పైస్థాయిలో లేస్తుంది. కథలోకి దిగాక గొంతు కిందికి వచ్చి మాటలు వేగంగా, దాదాపు మాట్లాడినట్టే దొర్లుతాయి. చివర మళ్లీ ఆ వరస మాటే దీర్ఘంగా సాగి వెక్కిలితో తెగుతుంది. తాళం ఉండదు. ఒక్క ఊపిరిలో ఎంత పడితే అంతే ఒక చరణం. ఆ వెక్కిలి కూడా పనికొచ్చేదే. అది ఊపిరి తీసుకునే చోటు, తర్వాతి సంగతి గుర్తు తెచ్చుకునే చోటు. ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది, ఆ ఊపే లయను నిలబెడుతుంది.

మాటల్లో రెండు పొరలు ఉంటాయి. ఒకటి అందరికీ తెలిసిన చట్రం: యాడికి పోతివి, మమ్మల్ని ఇడిసి ఎట్ల పోతివి, ఇంక ఎవరిని పిలిచేది. ఇవి ఎవరి చావుకైనా పనికొస్తాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటితోనే మొదలుపెడతారు. రెండో పొర ఈ మనిషికే చెందిన సంగతులు. శివరాత్రి తిరునాళ్లకు కలిసి నడిచిపోయిన రాత్రి, గాలివానకు అరటి తోట పడిపోయినప్పుడు ఆమె చూపిన గుండెనిబ్బరం, బుడ్డలు ఒలుస్తూ చెప్పిన కథలు. నేర్పంతా ఇక్కడే ఉంది. చట్రం నోటికి వచ్చేసి ఉంటుంది కాబట్టి మనసు సంగతులను వెదకడానికి ఖాళీగా ఉంటుంది. ఎవరూ రాసిచ్చింది కాదు, ఎవరూ సాధన చేయించింది కాదు. తల్లి పక్కన, అవ్వ పక్కన కూర్చుని విని పట్టుకున్న విద్య ఇది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, దాన్ని మర్యాద కోసం దాచిపెట్టడం నాకు ఇష్టం లేదు. శోకంలో నిందలు కూడా ఉంటాయి. 'చూసేవాళ్లు లేక మంచాన పడితివి, ఒక్క గుక్క నీళ్లు పోసినోళ్లు లేకపోయిరి' అని స్నేహితురాలు ఏడుస్తుంటే, కొడుకులు తలొంచుకుని వింటారు. మామూలు రోజున ఆ మాట అంటే కొట్లాట అయ్యేది. శోకంలో అంటే ఎవరూ ఎదురు చెప్పరు. పేద ఆడమనిషికి ఊరి నడుమ న్యాయం అడిగే చోటు ఇది ఒక్కటే కావచ్చు.

చనిపోయినవాళ్లను ఎదురుగా నిలుపుకుని మాట్లాడడం మన పెద్ద సాహిత్యంలోనూ ఉంది. తిక్కన భారతంలో స్త్రీపర్వం చదివినవాళ్లకు గాంధారి యుద్ధభూమిలో పడి ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే చూసి ఏడ్వడం గుర్తుంటుంది. ఆ దుఃఖమే చివరికి కృష్ణుడి మీద శాపంగా తిరుగుతుంది. నింద అక్కడా ఉంది. దుర్యోధనుడు ఎంత చెడ్డవాడైనా, కర్ణుడు పడినప్పుడు పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చిన స్నేహితుడు. మన కాలానికి వస్తే, 'ఉదయిని' పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్న వయసులోనే పోతే, శ్రీశ్రీ అతన్ని నేరుగా పలకరిస్తూ కవిత రాశాడు. 1950లో పుస్తకంగా వచ్చిన 'మహాప్రస్థానం' ఆ స్నేహితుడికే అంకితం, ఆ కవితే అంకిత గీతం. పిలుపు, సంగతులు, లోకం మీద నింద అన్నీ అందులో ఉన్నాయి. శ్రీశ్రీ గొప్ప కవి. నాట్ల గుంపులోని అక్క అక్షరం రానిది. పట్టు మాత్రం ఇద్దరిదీ ఒకటే.

దూరదేశాల్లోనూ ఇదే. ఐర్లండ్‌లో 1773లో ఆర్ట్ ఓలియరీని కాల్చి చంపినప్పుడు భార్య ఎయిలీన్ పెట్టిన శోకం నోటి నుంచి నోటికి పాకి, తర్వాత కాగితం మీదికి ఎక్కింది. ఇవాళ ఆ దేశపు గొప్ప కావ్యాల్లో అదొకటి. అందులో ఆడబిడ్డతో వాదులాట కూడా ఉంది. పక్కనే తమిళనాడులో ఒప్పారి అనే చావు పాట ఉంది, దానికి పేరూ పరిశోధకులూ ఉన్నారు. మన శోకాలకు అంతటి పట్టింపు దొరకలేదు. లాలిపాటలు, రోకటి పాటలు, పెళ్లి పాటలు పుస్తకాలకెక్కాయి. చావు పాటను ఇంట్లో పాడకూడదన్న భయం కొంత, చావు ఇంట్లో కాగితం కలం పట్టుకోవడానికి సిగ్గు కొంత అడ్డుపడ్డాయి.

మగవాళ్ల దారి వేరు. రాత్రికి భజన గుంపు చేరి తెల్లారేదాకా తత్వాలు పాడుతుంది. బ్రహ్మంగారి మఠం ఉన్న సీమ కాబట్టి ఆయన తత్వాలకు ఇక్కడ కొదవ లేదు. నాకు అవి ఇష్టమే. కానీ తత్వం అందరి చావు గురించి చెబుతుంది, శోకం ఈ ఒక్కరి బతుకు గురించి చెబుతుంది. స్నేహం పోయినవాళ్లకు రెండోదే ఎక్కువ అవసరం.

ఇప్పుడు చావు ఇంట్లో ఫ్రీజర్ పెట్టె ఉంటుంది, స్పీకర్‌లో ఘంటసాల భగవద్గీత మోగుతుంది. ఆ మోతలో మనిషి గొంతు నిలవదు. చదువుకున్న పిల్లలు 'ఊరుకోమ్మా, బీపీ పెరుగుతుంది' అని అమ్మను పక్కకు తీసుకుపోతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆమె చెప్పాలనుకున్న ముప్పై నలభై ఏళ్ల కథ గొంతులోనే ఆగిపోతుంది.

కాబట్టి చదివేవాళ్లను అడిగేది ఇదే. మీ ఊళ్లో ఎవరన్నా పోయినప్పుడు ఓ గంటసేపైనా స్పీకర్ ఆపించండి. ఏడ్చే ఆమెను ఊరుకోమనకండి, పక్కన కూర్చుని వినండి. దినాలు అయిపోయాక ఆ స్నేహితురాలి ఇంటికి పోయి, ఆమె ఒప్పుకుంటేనే, చనిపోయినామె సంగతులు చెప్పించుకుని రాసిపెట్టండి. ఆ కుటుంబానికి రేపు కావలసిన చరిత్ర ఆమె దగ్గరే ఉంది, ఆమెకూ వయసు మీద పడుతోంది.