ముట్టడి పటాలలో లక్నో నగరం

1857 జూన్ 30న చిన్‌హట్ వద్ద ఓడిన ఆంగ్ల సైన్యం గోమతీ తీరాన ఉన్న లక్నో రెసిడెన్సీలో తలదాచుకొంది. ఆ తరువాతి ముట్టడిని చూపే ఆంగ్ల పటాలు ప్రధానంగా లోపలివారి దృష్టితో గీసినవే. లోపలి స్థావరాలకు అండర్సన్, గబ్బిన్స్, ఫేరర్ వంటి వ్యక్తుల పేర్లున్నాయి. బయటి ఇళ్లకు దక్కిన గుర్తింపు ఎక్కువగా ఫిరంగులు పేలిన చోట్లుగానే. బేగం హజ్రత్ మహల్ అధికారం నడిపిన రాజధాని ఈ గీతలలో శత్రుస్థానంగా కుదించుకుపోయింది.

ఛాయాచిత్రం ఈ లోపాన్ని సరిదిద్దుతుందనుకోవడం తొందరపాటు. ఫెలిచె బియాటో లక్నో చేరింది 1858లో, నగరం తిరిగి ఆంగ్లేయుల వశమైన తరువాత. సికందర్ బాగ్ పోరు జరిగినది 1857 నవంబరు 16న. నెలల తరువాత తీసిన అతని ప్రసిద్ధ చిత్రంలో ప్రాంగణం నిండా ఎముకలే! చిత్రం కోసమే వాటిని వెలికితీయించి పరిపించాడన్న వాదం బలమైనది. కనుక దీనిని పోరుకు ప్రత్యక్షసాక్ష్యంగా కాక, విజేతలు చూడగోరిన దృశ్యంగా పరిశీలించడం సమంజసం. ఆ ఎముకలు ఎవరివో చిత్రం చెప్పదు. వాటి నడుమ నిలబెట్టిన స్థానికుల పేర్లు కూడా.